మిషన్ వేలిముద్ర అడుగుతుంది, ‘ఎట్లున్నవ్ అవ్వా’ అని అడగదు

పింఛను పైసలు వచ్చినయని కబురు తెలిసిన రోజు పాలమూరు, నల్గొండ పల్లెల్లో పొద్దున్నే కదలిక మొదలవుతుంది. ముసలివాళ్లు కట్టె పట్టుకుని పోస్టాఫీసు దిక్కు నడుస్తారు. నడవలేని వికలాంగులను ఇంట్లోవాళ్లు బండి మీద కూర్చోబెట్టుకుని తెస్తారు. సర్వర్ పనిచేయదు. వేలిముద్ర పడదు. ‘రేపు రా’ అంటారు. ఎండలో గంటలు గంటలు కూర్చోవాలి. ఈ బాధలన్నీ నిజమే. అయినా ఆ రోజు కోసం ఎదురుచూసేవాళ్లున్నారు, ఒక్క డబ్బు కోసమే కాదు. నెలంతా ఇంట్లో ఒక్కతే ఉన్న అవ్వను ‘ఇంకా బతికే ఉన్నవా వదినా’ అని నవ్వుతూ పలకరించే మనిషి ఆ వరుసలోనే దొరుకుతుంది.

వృద్ధుల, వికలాంగుల ఒంటరితనాన్ని టెక్నాలజీతో తగ్గించడం గురించి ఇవాళ ప్రపంచమంతా మాట్లాడుతున్నది. మాట్లాడే బొమ్మలు, కబుర్లు చెప్పే కృత్రిమ మేధ యాప్‌లు, చేతికి కట్టుకునే అలారాలు వస్తున్నాయి. మన దళిత వాడకు ఇప్పటిదాకా వచ్చిన టెక్నాలజీ మాత్రం వేలిముద్ర మిషనే. అది మనిషి బతికున్నాడో లేడో చూస్తుంది. ఎట్లా బతుకుతున్నాడని అడగదు. చర్చ ఈ తేడా దగ్గర మొదలుకావాలి.

ఒంటరితనం ఎవరికి ఎక్కువ?

ఒంటరితనం డబ్బున్న దేశాల జబ్బు అనే నమ్మకం ఒకటి మనలో ఉంది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం మీద ప్రత్యేకంగా మంత్రులను నియమించాయని చదివినప్పుడు ‘మనకెందుకు, మనవి పల్లెలు’ అనుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ 30న విడుదల చేసిన నివేదిక ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, దాని వల్ల ఏడాదికి సుమారు 8 లక్షల 71 వేల మరణాలు జరుగుతున్నాయని అది అంచనా వేసింది. పేద దేశాల్లో ఒంటరితనం 24 శాతం, సంపన్న దేశాల్లో 11 శాతం. అంటే పేదల దగ్గరే రెండింతలకు పైగా ఉంది.

మన దేశంలో ఇదే లెక్కను కులం పక్కన పెట్టి చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. షెడ్యూల్డు కులాల్లో మాత్రం 2.45 శాతం. తక్కువ తిండి, ప్రమాదకరమైన పని, సమయానికి అందని వైద్యం, చెడ్డ నీళ్లు కలిసి దళితుల ఒంటి మీద రాసిన లెక్క ఇది. ఇక ఒంటరిగా ఉండటం సంగతి. భారత వృద్ధుల మీద 2017-18లో జరిగిన పెద్ద సర్వే ‘లాసీ’ ప్రకారం 60 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 6 శాతం మంది పూర్తిగా ఒక్కళ్లే బతుకుతున్నారు. ఇంట్లో నలుగురున్నా పలకరింపు లేనివాళ్లు ఈ లెక్కలోకి రారు.

‘మంచం మీది చెర’

నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి 1945 నుంచే డాక్టర్లకు తెలుసు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగిన పిల్లల కాళ్లు వంకర్లు పోయాయి. పెద్దల వెన్నెముక కొయ్యబారింది. మెడ తిరగదు, మోచేయి చాపరాదు, కింద కూర్చుంటే లేవరాదు. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామిని ఢిల్లీకి తీసుకెళ్లి అప్పటి ప్రధాని వాజపేయి ముందుంచినప్పుడు ఆ ఫొటో దేశమంతా చూసింది. స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయన గొంతెత్తి పోరాడాడు, జనం మధ్యన బతికాడు. ఏ ఫొటోలోనూ పడకుండా గుడిసెలో మంచం మీదే ముసలివాళ్లయినవాళ్లు ఎందరో. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటిదాకా వచ్చాయి. కొత్త పిల్లలు బతికిపోయారు. కానీ కొయ్యబారిన ఎముక నీళ్లు మార్చినంత మాత్రాన మెత్తబడదు. ఆ తరం ఇప్పుడు ముసలితనంలోకి వస్తున్నది. వాళ్లకు కావలసింది నీళ్ల తరవాతి ముచ్చట. అది ఎవరూ మాట్లాడటం లేదు.

పాలమూరు కథ వేరు, ఫలితం ఒకటే. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఏ డ్యామ్ దగ్గర అడిగినా చెబుతారు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె, భివండీ, హైదరాబాద్ పోయినవాళ్ల ఇళ్లల్లో మిగిలేది ముసలి తల్లిదండ్రులు, చిన్న పిల్లలు, పనికి పోలేని వికలాంగులు. బస్సెక్కేవాడికి వలస ఒక తీరు కష్టం, గడపలో నిలబడినవాళ్లకు ఇంకో తీరు కష్టం. ఇంట్లో పనిచేసే చేతులన్నీ పోయాక, కళ్లు కనబడని తాతను బయటికి తీసుకెళ్లేదెవరు?

నారాయణపేట, మక్తల్, ఊట్కూర్ వైపు పోతే ఇంకొక ఒంటరితనం ఎదురవుతుంది. జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. దానికి ముందూ, దాని కళ్లుగప్పి ఆ తర్వాతా దేవుడి పేరిట ఊరికి అప్పగించబడిన దళిత ఆడపిల్లలు ఇవాళ ముసలివాళ్లు. వాళ్లకు పెళ్లి అనే బంధం లేకుండా చేసింది ఊరు. బిడ్డలకు తండ్రి పేరు లేకుండా చేసింది ఊరు. శరీరం అలిసిపోయాక చూసుకునే మనిషి లేకుండా పోయింది కూడా అందుకే. ఆమె ఒంటరితనాన్ని వయసు మీద వేసి చేతులు దులుపుకుంటే అబద్ధమవుతుంది.

రచ్చబండ ఎవరిది?

ఈ విషయం మీద రాసే వ్యాసాల్లో ఒక పాట తప్పకుండా వినిపిస్తుంది. పాతకాలంలో ఊళ్లో ఒంటరితనం లేదట, ఉమ్మడి కుటుంబాలు ఉండేవట, సాయంత్రమైతే రచ్చబండ మీద ముచ్చట్లట, సెల్‌ఫోన్ వచ్చి అన్నీ చెడగొట్టిందట. ఇది ఎవరి జ్ఞాపకం? ఆ రచ్చబండ మీద మాల, మాదిగ ముసలాయన సమానంగా కూర్చున్నాడా? గుడి అరుగు మీద మన అవ్వ నడుం వాల్చిందా? ఊరి మధ్యలో కూర్చునే హక్కు ఉన్నవాళ్లకే ఆ సాయంత్రాలు తీయగా గుర్తుంటాయి. ఊరికి దూరంగా, గాలి కిందికి వీచే దిక్కున వాడ పెట్టడమంటేనే కొందరిని పలకరింపుకు దూరంగా పెట్టడం. పలకరింపు లేకుండా చేయడం అంటరానితనంలో భాగం.

వాడలో మనవాళ్లు ఒకరికొకరు తోడున్నారు, నిజమే. డప్పు దగ్గర, బతుకమ్మ దగ్గర, చావు దగ్గర ఒక్కటైనారు. ఆ తోడును వలస చెదరగొట్టింది. కాబట్టి ‘వెనక్కి పోదాం’ అనే మాట మనకు అక్కరకు రాదు. మనకు పాత రచ్చబండ కావాలని లేదు. కొత్త తోడు కావాలి. అందులో ఫోనుకూ చోటుంది.

ఫోను ఇప్పటికే చేస్తున్న మేలు

చదువు లేని తల్లికి వాట్సాప్‌లో గొంతు పంపే సౌకర్యం ఎంత పెద్ద మేలో ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. వెనక ముంబై నుంచి ఉత్తరం వస్తే చదివిపెట్టమని ఎవరి గడప ముందో నిలబడాలి. ఇంటి గుట్టు వాళ్లకు తెలిసిపోవాలి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిట్లో అక్షరాస్యత అట్టడుగున ఉన్నది మహబూబ్‌నగరే, 55 శాతం. అలాంటి చోట నొక్కి పట్టుకుని ‘బిడ్డా, తిన్నవా’ అని మాట పంపడం అక్షరం అక్కరలేని ఉత్తరం. పుట్టుకతో వినబడని, మాట రాని మనిషికి వీడియో కాల్ మొట్టమొదటి ఫోను. అంతకుముందు ఫోను అనేది అతని కోసం పుట్టనే లేదు, ఇప్పుడు చేతి సైగలతో దూరాన ఉన్న దోస్తుతో మాట్లాడుతున్నాడు. చూపులేని యువకులు తెర మీది అక్షరాలను గొంతుగా మార్చుకుని చదువుకుంటున్నారు. టెక్నాలజీ వద్దని మనమెందుకంటాం? పదిమందిలో కలవనీయని సమాజంలో అది తెరిచిన తలుపులు చిన్నవేమీ కావు.

కానీ ఆ తలుపు దాకా ఎవరు పోగలుగుతున్నారు? 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 26.5 శాతం, మగవాళ్లు 57.4 శాతం. తర్వాత ఈ అంకెలు పెరిగి ఉంటాయి. కానీ వయసులో ఉన్న ఆడవాళ్ల సంగతే అది అయితే, 70 ఏళ్ల దళిత అవ్వ ఎక్కడుంటుంది? ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోను ఉంటే అది వలసపోయిన కొడుకు జేబులో ఉంటుంది. ముసలామె దగ్గర మిగిలేది బటన్ ఫోను, అదీ రీచార్జి ఉంటే.

రీచార్జి లెక్క కూడా చూడాలి. 2024 జులైలో ధరలు పెరిగాక ప్రైవేటు కంపెనీల కనీస నెలవారీ రీచార్జి సుమారు 200 రూపాయలకు చేరింది. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను కింద 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు కేంద్రం ఇచ్చే నెల వాటా కూడా సరిగ్గా 200 రూపాయలే. ఏళ్లు గడిచినా ఆ వాటా పెరగలేదు. అంటే ఒక ముసలి మనిషి బతకడానికి ఢిల్లీ ఇచ్చేది ఒక నెల ఫోను మాటకు సరిపోతుంది, బువ్వకు మిగలదు. ఇంటర్నెట్ అక్కరలేనివాళ్లకు మాటలకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాల్సి వచ్చింది. అట్లా వచ్చిన ప్యాకులు 84 రోజులకు 450 రూపాయల దరిదాపుల్లో ఉన్నాయి. ఒకేసారి అంత పెట్టడం పింఛను మనిషికి తేలిక కాదు.

గేటుగా నిలబడిన టెక్నాలజీ

తెలంగాణలో ఆసరా పింఛన్లు 2014 నవంబరు 8న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే మొదలయ్యాయి. వృద్ధులకు 1,000, వికలాంగులకు 1,500 రూపాయలు. 2019లో అవి 2,016, 3,016 అయ్యాయి. వికలాంగుల పింఛను 2023లో 4,016కు పెరిగింది. వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ హామీ ఇచ్చింది. ఆ హామీ అమలు కోసం మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో 2025లో కూడా వికలాంగులు, వృద్ధులు రోడ్డెక్కారు. దండోరా ఉద్యమం నుంచి వచ్చిన నాయకుడు వికలాంగుల హక్కుల పోరాటాన్నీ భుజాన వేసుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆ వరుసలో నిలబడేవాళ్లు ఎవరో ఆయనకు తెలుసు. ఆ సభలకు పోయి వచ్చినవాళ్లను అడగండి. డబ్బు మాట ఎంత చెబుతారో, నలుగురం కలిశాం అన్న మాటా అంతే చెబుతారు.

ఈ పింఛను చేతికి రావడానికి వేలిముద్ర పడాలి. నలభై ఏళ్లు నాట్లేసి, రాళ్లు కొట్టి, సున్నం పిసికిన వేళ్ల మీద గీతలెక్కడివి? ఫ్లోరోసిస్‌తో ముడుచుకుపోయిన వేలు ఆ చిన్న అద్దం మీద ఎట్లా ఆనుతుంది? ఈ సమస్య తీర్చడానికని తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ముఖ గుర్తింపు పద్ధతి తెచ్చింది. వేలిముద్ర పడనివాళ్లకు అది మేలు చేయొచ్చు. కానీ కంటి పొరతో చూపు పోయినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, ముఖం కాలినవాళ్లు కెమెరా ముందు కూర్చున్నప్పుడు మళ్లీ అదే ప్రశ్న వస్తుంది.

ఇక్కడ మనకు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఆయుధంగా ఉంది. ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న జస్టిస్ పార్దివాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కన్ను ఆర్పి చూపించమని అడిగే కేవైసీ పద్ధతి యాసిడ్ దాడి బాధితులను, చూపులేనివాళ్లను బయటికి నెట్టేస్తున్నదని గుర్తించి, దాన్ని మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది. అంతకుముందు 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో, వికలాంగులకు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలుగా ఉండాలని తేల్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందరికీ అందేలా చూడాలంటుంది. కోర్టులో గెలిచిన హక్కు మండల ఆఫీసు మెట్ల దాకా రావాలంటే అడిగే మనుషులు కావాలి. ‘దివ్యాంగులు’ అని పేరు మార్చి పిలిచినంత మాత్రాన ర్యాంపు లేని మెట్లు దిగిపోవు.

నల్గొండ నేర్పిన పాఠం

టెక్నాలజీ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో చెప్పడానికి నల్గొండకు మించిన ఉదాహరణ లేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, గిలక్కొట్టి, తేర్చి, వడగట్టడం. ప్రపంచంలో దాని పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియాలదాకా పోయింది. పాఠ్యపుస్తకాల్లో మన జిల్లా పేరు నిలిచింది. కానీ మన పల్లెలో ఏమైంది? ఆ పద్ధతికి రోజూ సరైన కొలతలో పటిక వేసే మనిషి కావాలి, మడ్డి తీసే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి, చెడిపోతే బాగుచేసే దిక్కు కావాలి. అవి లేని చోట అది నిలవలేదు. చివరికి జనాన్ని గట్టెక్కించింది జలసాధన సమితి లాంటి ఉద్యమాలు ఏళ్ల తరబడి అడిగిన నది నీళ్లే.

ఒంటరితనం మీద తెచ్చే యంత్రాలకూ ఇదే గతి పట్టవచ్చు. శిబిరం పెట్టి, ఫొటో దిగి, వినికిడి మిషన్ చెవికి పెట్టి పంపుతారు. బీపీఎల్ వృద్ధులకు ఉచితంగా ఊతకర్రలు, చక్రాల కుర్చీలు, వినికిడి మిషన్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017లో నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకమే. కానీ మిషన్ బ్యాటరీ అయిపోతే మర్రిగూడ అవ్వ ఎక్కడికి పోవాలి? చెవి వినబడని ముసలి మనిషి మెల్లగా మాటల నుంచి తప్పుకుంటాడు, ‘ఏమన్నరు’ అని పదిసార్లు అడగలేక మౌనంగా కూర్చుంటాడు. అతని ఒంటరితనానికి మందు కృత్రిమ మేధ కాదు, మండల కేంద్రంలో దొరికే చిన్న బ్యాటరీ.

14567కు ఫోను చేస్తే ఎవరొస్తారు?

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పుట్టింది తెలంగాణలోనే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో 2017లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ప్రయత్నం, 2021లో దేశమంతటికీ ‘ఎల్డర్‌లైన్’ అయింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. మనసు బాగాలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఈ రెండు నంబర్లూ ప్రతి వాడలో గోడ మీద రాసి ఉండాలి. బటన్ ఫోను చాలు, ఇంటర్నెట్ అక్కరలేదు.

అయితే ఫోనులో ఓదార్పు మాట విన్నాక గడప దగ్గరికి ఎవరొస్తారు? ఇదే అసలు ప్రశ్న. కేరళ దీనికి ఒక జవాబు చూపింది. కోజికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ కేర్ పని, ఇరుగుపొరుగు వాలంటీర్లతో పెరిగి, 2008లో ప్రభుత్వ విధానమైంది. పంచాయతీ నర్సు మంచం పట్టినవాళ్ల ఇంటికే పోతుంది. ఫోను ఉన్నది ఆ నర్సును పిలవడానికి. మన దగ్గరా పునాది లేకపోలేదు. 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైన 6 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పనిలోనే వికలాంగుల స్వయం సహాయక సంఘాలు పుట్టాయి. ఇంటి నుంచి బయటికే రాని మనుషులు సంఘం మీటింగుకు వచ్చి మాట్లాడారు. ఆ సంఘాలను నిలబెట్టుకుని ఉంటే ఇవాళ ఒంటరితనానికి వేరే మందు వెతకాల్సిన పని సగం తగ్గేది.

మనవాళ్ల చేతిలో మైకు

టెక్నాలజీని దళిత ఆడవాళ్ల చేతికిస్తే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పాక, 2006లో ప్రభుత్వం సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతించాక, దేశంలో అట్లా వచ్చిన మొదటి స్టేషన్ ఇదే. మైకు ముందు కూర్చున్నది వ్యవసాయ కూలీ కుటుంబాల దళిత స్త్రీలు. తమ యాసలోనే మాట్లాడారు, విత్తనాల గురించి, పండుగల గురించి, కష్టాల గురించి. ముసలమ్మలకు తెలిసిన పాటలు రికార్డు చేశారు. ఒంటరితనం గురించి వాళ్లు ఏ పథకం పెట్టలేదు. కానీ తన పాట పక్క ఊళ్లో వినబడిందని తెలిసిన ముసలామె తనను తాను పనికిరాని మనిషి అనుకోదు.

ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఇంకో మెట్టు. మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు చేసి ఎవరైనా తమ మాట రికార్డు చేయొచ్చు, ఇతరులది వినొచ్చు. రేడియో టవర్ కూడా అక్కరలేదు. పాలమూరు నుంచి భివండీకి, దేవరకొండ నుంచి హైదరాబాద్ బస్తీకి ఇలాంటి గొంతు దారి ఒకటి వేయడం పెద్ద ఖర్చు కాదు. మన యాసలో, మన ముసలివాళ్ల గొంతుతో.

దీని పక్కన మాట్లాడే బొమ్మను పెట్టి చూడండి. దక్షిణ కొరియాలో స్థానిక ప్రభుత్వాలు ఒంటరి వృద్ధులకు ‘హ్యోడోల్’ అనే బొమ్మను ఇస్తున్నాయి. అది మందు వేసుకోమని గుర్తుచేస్తుంది, కబుర్లు చెబుతుంది. న్యూయార్క్ రాష్ట్రం 2022లో ‘ఎలీక్యూ’ అనే యంత్రాన్ని వందల మంది వృద్ధుల ఇళ్లలో పెట్టింది. వాడినవాళ్లకు ఊరట దొరికితే దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. కానీ మన దేశంలో దీని అర్థం వేరుగా ఉంటుంది. తరతరాలుగా ముట్టుకోని, ఇంటికి రాని, పక్కన కూర్చోని సమాజం, ముసలితనంలో ఆ మనిషికి ఒక యంత్రాన్ని చేతికిచ్చి ‘దీంతో మాట్లాడుకో’ అంటే అంటరానితనానికి కొత్త సౌకర్యం దొరికినట్టే. పైగా ఓటీపీ చెప్పించుకుని పింఛను ఖాతా ఊడ్చే సైబర్ దొంగలున్న కాలంలో, పొద్దంతా అవ్వ మాటలు వినే యంత్రం ఆ మాటలు ఎవరికి చేరవేస్తుందో అడగకుండా ఇంట్లో పెట్టుకోలేం.

అడగాల్సినవి

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. ఖర్చు కాని నిధులను మరుసటి ఏడాదికి తీసుకుపోవాలని అది చెబుతుంది. ఆ డబ్బుతో ప్రతి దళిత వాడలో ఒక తోడు కేంద్రం నడపొచ్చు. ఉన్న కమ్యూనిటీ హాలుకే ర్యాంపు, మరుగుదొడ్డి, ఫ్యాను, చార్జింగు, వైఫై, పెద్ద తెర. వలసపోయిన బిడ్డలతో వారానికి రెండుసార్లు వీడియో కాల్ పెట్టించి, పింఛను ఫారాలు నింపి, మంచం పట్టినవాళ్ల ఇంటికి పోయి వచ్చే ఒక మనిషికి జీతం. ఆ మనిషి ఆ వాడ నుంచే రావాలి, వీలైతే వికలాంగురాలే అయి ఉండాలి. ఇప్పటికే పనిభారంతో నలుగుతున్న ఆశా కార్యకర్త నెత్తిన దీన్నీ పెట్టొద్దు. టీ-ఫైబర్ ఇంటర్నెట్‌ను 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. మద్దూరు లాంటి ఊళ్లలో ఆ తీగ మొదట ఊరి నడిమధ్య ఇళ్లకు పోయిందా, వాడకు పోయిందా అని అడిగి చూడాలి.

పింఛను విషయంలో వేలిముద్ర, ముఖం రెండూ పనిచేయనివాళ్లకు ఇంటికే వచ్చి, కాగితం మీద ఇచ్చే దారి రాతపూర్వకంగా ఉండాలి. మిషన్ చెడినందుకు మనిషి పస్తుండకూడదు. మాట ప్యాకుకు పింఛనుదారుల దగ్గర పైసలు తీసుకోకూడదు. వినికిడి మిషన్ ఇస్తే బ్యాటరీ, రిపేరు మండలంలోనే దొరకాలి. కేంద్రం 200 రూపాయల వాటా సిగ్గుపడాల్సిన అంకె, దాన్ని మార్చాలి. ఈ నిర్ణయాలు చేసే కమిటీల్లో జోగినీ వృద్ధులు, ఫ్లోరోసిస్ బాధితులు, వలస కుటుంబాల పెద్దలు కూర్చోవాలి.

ఇవన్నీ సంక్షేమం పేరుతో అడుక్కునేవి కావు. ఈ రాష్ట్రంలో డ్యాములు కట్టిన చేతులు, పొలాలు నాటిన నడుములు అడుగుతున్న బాకీ ఇది. వచ్చే నెల పింఛను రోజు పోస్టాఫీసు దగ్గరికి మీరూ వెళ్లండి. వరుసలో చివరన కూర్చున్న మనిషి దగ్గర ఒక గంట కూర్చోండి. 14567 నంబరు ఆమె ఫోనులో వేసి, మీ నంబరు కూడా వేయండి. ఆమె ఫోను చేసినప్పుడు ఎత్తండి.